నేలని నమ్మని కనకం

కనకమహాలక్ష్మి హోంగార్డు ఉద్యోగానికి ఎందుకు వెళ్ళిందని ఎవరైనా అడిగితే, ఆమె మేనమామ చిన్నరాజు దేశసేవ కోసమని చెప్పేవాడు. అసలు సంగతి అది కాదు. ఒకనాడు ఏలూరులో చేపలు దించి బస్సు కోసం నిలబడ్డప్పుడు, కూడలిలో ఖాకీ బట్టలేసుకున్న ఒక అమ్మాయిని చూసింది. ఆ అమ్మాయి చెయ్యెత్తితే లారీలు ఆగుతున్నాయి. చెయ్యి ఊపితే కదులుతున్నాయి. బస్సు వచ్చేదాకా చూసినా ఆ అమ్మాయి నోరు విప్పి ఒక్క మాట అనలేదు. మాట్లాడక్కర్లేకుండా జీతమిచ్చే ఉద్యోగం ఈ భూమ్మీద ఒకటుందని కనకానికి ఆ పూటే తెలిసింది.

కనకానికి మాటంటే అంత భయం. బస్సులో దిగాల్సిన చోటు వస్తే "ఆపండి" అని అరవలేక, ఇంకెవరో దిగేదాకా కూర్చుని, అక్కణ్ణుంచి వెనక్కి నడిచొచ్చే రకం. దుకాణంలో సబ్బు అడగాలంటే దారంతా ఆ మాట నెమరేసుకుంటూ వెళ్ళి, అక్కడ జనం ఉంటే సబ్బు లేకుండానే తిరిగొచ్చేది. ఇంట్లో వాళ్ళు దాన్ని వినయమనేవారు. అది వినయం కాదని, పిరికితనానికి జడేసి పూలు పెడితే అలా కనబడుతుందని కనకానికి తెలుసు.

ఆమెది కొల్లేటి లంకల్లో ఒకటి. బస్సెక్కాలంటే ముందు దోనె ఎక్కాలి. తండ్రికి నడుం పడిపోయాక దోనె తోయడానికి మనిషి కావలసి వచ్చి, ఎనిమిదో తరగతి మధ్యలో బడి మానిపించారు. తరవాత చేపల చెరువుల్లో కూలికి వెళ్ళింది. సరస్సుని ఆక్రమించి తవ్వారని సర్కారువారొచ్చి చెరువుల గట్లు తెగ్గొట్టిన ఏడాది ఆ పని కూడా నీళ్ళలో కలిసింది. మళ్ళీ తల్లి ముత్యాలమ్మతో కలిసి దోనె మీద, నీళ్ళలో చేపల కోసం పెట్టిన బుట్టలు ఎత్తడానికి పోతున్న రోజుల్లో, హోంగార్డుల్లోకి ఆడపిల్లల్ని తీసుకుంటున్నారని, ఏడో తరగతి పాసైతే చాలని చిన్నరాజు కబురు తెచ్చాడు.

పరుగు పెట్టించారు, ఎత్తు కొలిచారు, తీసుకున్నారు. శిక్షణ పూర్తయ్యాకే ఉద్యోగం ఖాయం. ఆ చిన్న ముక్క చిన్నరాజు చెవికి ఎక్కలేదు. ఆయన లంకలన్నీ తిరిగి మేనకోడలు పోలీసైపోయిందని చెప్పొచ్చాడు. వలల తగాదా వచ్చిన చోటల్లా "మా కనకానికి ఓ మాట చెబుతాను" అని బెదిరించడం కూడా మొదలెట్టాడు. ఆ సమయానికి మా కనకం ఏలూరు పెరేడ్ గ్రౌండులో కుడికాలికీ ఎడమకాలికీ తేడా మరిచిపోయి నిలబడి ఉంది.

కవాతు ఎలాగో గట్టెక్కింది. నలుగురిలో పడి నడిచే పని కనక ఎవరూ ఆమెను ప్రత్యేకంగా చూడలేదు. చిక్కల్లా తుపాకీ దగ్గర వచ్చింది.

కాల్చడం నేర్పే ఆయన పేరు జాకబ్. దెందులూరు మనిషి, హెడ్ కానిస్టేబులు, ఆదివారాలు చర్చిలో పాటలు పాడించేవాడు. ఆయనకు తిట్టడం రాదు. ఎంత కోపమొస్తే అంత మర్యాద పెరిగేది. ఆయన నోట "అండి" ఒకటుంటే మామూలు. ఒకే మాటలో రెండు పడితే జాగ్రత్తపడాలి.

జంగారెడ్డిగూడెం రోడ్డులో ఒక గుట్ట ఉంది. దాని వాలుకి అంకెలేసిన చెక్క బోర్డులు పాతి, వాటి మీద నల్లటి గుండ్రాలు గీసిన కాగితాలు అంటించేవారు. చిన్న గుళ్ళ రైఫిలు, అభ్యర్థికి ఐదు గుళ్ళు. ఐదూ నడి గుండ్రంలోనే పడక్కర్లేదు. ఎక్కడ పడినా సరే, ఐదూ ఒకచోట, అరచెయ్యి కప్పేంత మేరలో పడితే పాసు. చెయ్యి నిలకడగా ఉందా లేదా అన్నదే పరీక్ష. సూటి సంగతి తరవాత చూసుకోవచ్చనేవాడు జాకబ్.

"తుపాకీని మీరు మొయ్యకూడదండి," అని ఆయన బోర్లా పడుకుని చూపించాడు. "ఎడం మోచెయ్యి సరిగ్గా తుపాకీ కిందకి తెచ్చుకోండి. బరువు ఎముక మీద పడాలి. కండ అయితే అలిసిపోద్ది, ఎముక అలవదు. చెంప తుపాకీ చెక్కకి ఆనించి తల బరువంతా దాని మీద వదిలెయ్యండి. గాలి వదిలాక మళ్ళీ పీల్చబోయే ముందు కొంచెం ఖాళీ ఉంటది. ఆ ఖాళీలో మెల్లిగా నొక్కడమే."

ఇందులో కష్టమేముందో కనకానికి అర్థం కాలేదు. పైగా లోలోపల కొంచెం గర్వపడింది కూడా. బోర్లా పడుకోవడం ఆమెకు పుట్టినప్పట్నుంచీ వచ్చిన విద్య. కొల్లేట్లో తాటి దోనె ముక్కు దగ్గర బోర్లా పడుకుని, చేతులు మోచేతుల దాకా నీళ్ళలో ముంచి, చేపల బుట్టలు ఎత్తిన మనిషి. మిగతా ఆడపిల్లలు గడ్డి గుచ్చుకుంటోందని, చీమలున్నాయని అటూ ఇటూ మసులుతుంటే, కనకం బల్లిలా అతుక్కుపోయింది. జాకబ్ చూసి తల కూడా ఊపాడు.

గుళ్ళు పేలాయి. కాగితాలు తెచ్చి చూశారు. కనకం కాగితం మీద ఒక గుండు నెత్తిన, ఒకటి అడుగున, ఒకటి అంచున ఉన్నాయి. మిగతా రెండూ కాగితానికి తగల్లేదు. గుట్టకి తగిలే ఉంటాయని జాకబ్ ఓదార్చాడు.

పక్క బోర్డు మీద కాల్చిన పిల్ల పేరు ఏంజెల్. తాడేపల్లిగూడెంలో దర్జీ గారి అమ్మాయి. నోటికి కుట్టు పడని మనిషి. ఎక్కడ కూర్చోబెడితే అక్కడ నిద్రపోవడం ఆమెకున్న రెండో గుణం. ట్రక్కులో వచ్చేటప్పుడు కూడా కనకం భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. మొదటిసారి బోర్లా పడుకోమన్నప్పుడు, జాకబ్ వరస చివరిదాకా వెళ్ళి తిరిగొచ్చేలోగా గురకే పెట్టింది. అలాంటి ఏంజెల్ గుళ్ళు ఐదూ ఒక జామకాయ చుట్టూ తిరిగొచ్చినంత దగ్గరగా పడ్డాయి.

"నీకేవన్నా చలి జొరం వచ్చిందేంటి?" అని అడిగింది ఏంజెల్. "నీ పక్కన పడుకుంటే నాక్కూడా వణుకొచ్చేస్తోంది."

ఆ తరవాత గ్రౌండులో గుళ్ళు లేకుండా రోజూ సాధన చేయించారు. కనకం ఎంత గట్టిగా పట్టుకుంటే తుపాకీ కొసన గురి చూసే సూది అంత ఊగేది. అది ఊగే కొద్దీ ఆమె ఇంకా బిగిసేది. జాకబ్ వచ్చి పక్కన గొంతుక్కూర్చున్నాడు. ఆయన గొంతు చాలా మెత్తగా ఉంది.

"కనకమహాలక్ష్మి గారండీ, నేల మీద పడుకోమన్నానండీ. నేలని పట్టుకోమన్లేదు. అదెక్కడికీ పోదండి."

అందరూ నవ్వారు. కనకం కూడా నవ్వబోయింది గానీ చెంప చెక్కకి ఆనించి ఉండటం వల్ల కుదరలేదు. వచ్చే వారం పరీక్షని, తప్పినవాళ్ళని ఇంటికి పంపెయ్యమని పై నుంచి మాటొచ్చిందని ఆయనే చెప్పాడు. ఇంటికి పంపడమంటే చేపల బుట్టల దగ్గరికి పంపడం. అది ఆమెకు పెద్ద బాధ కాదు. అక్కడికి చేరాలంటే ముందు లంకలన్నీ దాటాలి. ప్రతి ఒడ్డునా ఎవరో ఒకరు ఎందుకొచ్చావని అడుగుతారు. అడిగిన ప్రతివాడికీ నోరు విప్పి జవాబు చెప్పుకోవాలి. నోరు విప్పకుండా బతకొచ్చని వెళ్ళిన మనిషికి ఇంతకన్నా శిక్ష ఏముంటుంది?

ఆ ఆదివారం ఇంటికెళ్ళింది. అన్నం తిన్నాక తెడ్డు తీసుకుని అరుగు మీద బోర్లా పడుకుంది. తెడ్డు మొదలు భుజానికి ఆనించి, ఎదురింటి పెరట్లో ఉన్న పిల్లకోడిని గురి చూసింది. ఎవరూ చూడరనుకుంది. లంకలో ఎవరూ చూడని చోటు ఇంకా కనిపెట్టలేదు. చిన్నరాజు నలుగుర్ని వెంటేసుకొచ్చి అరుగు ముందు నిలబెట్టి, ఇదిగో పోలీసు ట్రైనింగంటే ఇలా ఉంటుందని వివరించడం మొదలెట్టాడు. కోడి ఎటు కదిలితే కనకం అటు బిగుసుకుంటోంది. చెవుల్లోంచి ఆవిరొస్తోంది.

లోపల్నుంచి ముత్యాలమ్మ చేట పట్టుకుని వచ్చి, కాసేపు చూసి, అడ్డం లేమని కాలితో కదిపింది.

"దోన్లో పడుకున్నట్టు పడుకున్నావేంటే? అరుగేవన్నా ములిగిపోద్దా?"

ఆవిడ ఆ మాట అనేసి బియ్యం చెరుక్కోడానికి వెళ్ళిపోయింది. కనకం మాత్రం తల తిప్పి తన కాళ్ళ వంక చూసుకుంది.

కాళ్ళు రెండూ దగ్గరగా, కర్రల్లా చాపి ఉన్నాయి. కాలివేళ్ళు అరుగుని రెండు పక్కలా నొక్కుతున్నాయి. తాటి దోనెలో పడుకునే పద్ధతి అది. జానెడు వెడల్పు దోనె, కాళ్ళు ఎడంగా పెట్టే చోటుండదు. అల తగిలి దోనె కుడికి ఒరిగితే ఒళ్ళు ఎడమకి బిగించాలి. ఎడమకి ఒరిగితే కుడికి. గాలి గట్టిగా పీల్చినా దోనె కదులుతుంది కనక ఊపిరి బిగబట్టాలి. ఇవన్నీ ఆమెకు ఎవరూ నేర్పలేదు. నీళ్ళలో పడీ పడీ ఒంటికి పట్టేశాయి. గుట్ట దగ్గర నేల కదలదు. కనకం ఒళ్ళు మాత్రం అది ఇప్పుడు ఒరుగుతుంది, ఇంకాసేపట్లో ఒరుగుతుంది అని కాచుక్కూర్చుంది. ఒరగని నేలకి అడ్డం పడటానికి తనే ఒరుగుతోంది. నేల విడిచి సాము చేయకూడదని పెద్దలంటారు. నేల మీద బోర్లా పడుకుని మరీ నేల విడిచి సాము చేసిన ఘనత మాత్రం తనదేనని కనకం అనుకుంది.

మరెలా పడుకోవాలి? ఆమెకు ఏంజెల్ గుర్తొచ్చింది. మాట్లాడని మనిషికి చూడటమే పని కనక, ఏంజెల్ నిద్రపోయే తీరు కనకానికి కంఠతా వచ్చు. కాళ్ళు ఎడంగా పారేస్తుంది. మడమలు నేలకి వాలిపోతాయి. కుడి మోకాలు కొంచెం పైకి ముడుచుకుంటుంది, దాంతో పొట్ట నేలకి ఆనకుండా తేలుతుంది. ఊపిరి తీసినా ఒళ్ళు లేచి పడదు. ఒళ్ళంతా బస్తాలా ఒక పక్కకి వాలి ఉంటుంది. కనకం అచ్చం అలాగే సర్దుకుంది. తెడ్డు కింద మోచెయ్యి పెట్టి బరువు ఎముక మీదికి వదిలింది. చెంప వాల్చింది. పీల్చింది, వదిలింది. తెడ్డు కొస ఆగిపోయింది. పిల్లకోడి దాని మీద చుక్కలా నిలబడింది. అరుగు ఎక్కడికీ పోలేదు.

అంత హాయి ఆమె ఎప్పుడూ ఎరగదు. హాయి ఎక్కువైంది. చూడవచ్చిన నలుగురి ముందూ, చెంప తెడ్డు మీద పెట్టుకుని, కనకం నిద్రపోయింది. లేచేసరికి ఎండ అరుగు దాటింది. తను నోరు తెరుచుకుని పడుకున్నంతసేపూ, అది కూడా ట్రైనింగులో భాగమేనని చిన్నరాజు జనానికి చెప్పాడట.

పరీక్ష రోజు గుట్ట దగ్గరికి పెద్దాఫీసరు గారు కూడా వచ్చి కుర్చీలో కూర్చున్నారు. కనకం తన వంతుకి వెళ్ళి పడుకుంది. పక్కన మామూలుగా ఏంజెల్. కాళ్ళు దగ్గరికి రాబోతుంటే విడదీసుకుంది. వేళ్ళు నేలని తవ్వబోతుంటే మడమలు వాల్చింది. జాకబ్ చివరగా నేర్పిన కిటుకు ఒకటుంది. పడుకున్నాక కళ్ళు మూసుకుని, గాలి పీల్చి వదిలి, కళ్ళు తెరవాలి. అప్పుడు సూది ఎటు చూస్తోందో ఒళ్ళు అటు పోవాలనుకుంటోందని లెక్క. గురి తప్పితే చేత్తో లాగకూడదు, లాగిన చెయ్యి మళ్ళీ వెనక్కి పోతుంది. నడుం జరిపి ఒళ్ళంతా తిప్పుకోవాలి.

కనకం కళ్ళు మూసుకుంది. పీల్చింది. వదిలింది. కళ్ళు తెరిచేసరికి సూది ముందర నల్లటి గుండ్రం, పీట వేసినట్టు కూర్చుని ఉంది. జరపాల్సిన పనే లేదు. ఊపిరికీ ఊపిరికీ మధ్య ఖాళీలో మెల్లిగా నొక్కింది. ఐదుసార్లూ నేల కదల్లేదు, ఆమె కూడా కదల్లేదు. జన్మలో మొదటిసారి ఒక పని బాగా చేశానని ఆమెకు కాగితం చూడకుండానే తెలిసిపోయింది.

కాగితాలు తెచ్చారు. కనకం కాగితం ఉతికి ఆరేసిన పంచెలా తెల్లగా ఉంది. ఒక్క చిల్లు లేదు.

ఏంజెల్ కాగితం మీద పది చిల్లులున్నాయి. ఐదు అటూ ఇటూ జామకాయంత మేరలో ఉన్నాయి. మిగతా ఐదూ కింది మూలకి, రేగుపండు పెడితే మూసుకుపోయేంత చోట, ఒకదాన్నొకటి రాసుకుని ఉన్నాయి. కనకం కళ్ళు తెరిచి ఒళ్ళు ఎటు పోవాలనుకుంటోందో చూసింది గానీ, బోర్డు మీద అంకె చూడలేదు. ఆమె ఒళ్ళు ఏంజెల్ బోర్డు మీదికి పోవాలనుకుంది. అటే పోనిచ్చింది.

"ఏంజెల్ గారూ," అన్నాడు జాకబ్, "మీకిచ్చినవి ఐదు గుళ్ళేనండి. పది ఎలా కాల్చారండి?"

ఏంజెల్ ఆకాశం వంక చూసింది. ఆఫీసరు గారు కనకం తెల్ల కాగితం ఎత్తి చూసి, ఈ అమ్మాయి తప్పినట్టేనా అని అడిగారు. జాకబ్ కనకం వంక చూశాడు. అందరూ చూశారు.

చెప్పాల్సింది రెండే మాటలు. సబ్బు దుకాణానికి వెళ్ళేటప్పటిలా కనకం వాటిని లోపల నెమరేసుకుంది. ఈసారి జనం ఉన్నారని వెనక్కి తిరిగిపోతే ఇంటిదాకా పోవాల్సి వస్తుంది. నోరు తెరిచింది. గాలి మాత్రమే వచ్చింది. ఏంటమ్మా అని జాకబ్ చెవి దగ్గరికి తెచ్చాడు. ఇన్నేళ్ళూ వాడకుండా దాచిన గొంతు, ఎంత వదలాలో తెలియక, ఉన్నదంతా ఒక్కసారి వచ్చింది.

"అవి నావండి!"

గుట్ట ఆ మాటని తిప్పి కొట్టింది. జాకబ్ చెవి మూసుకుని వెనక్కి జరిగాడు. ఆఫీసరు గారి కుర్చీ పక్కన టీ గ్లాసు పట్టుకున్న జవాను ఉలిక్కిపడ్డాడు.

"ఏవి నీవి?" అన్నారు ఆఫీసరు గారు.

"ఆ మూల ఐదూ అండి. నేను చూసుకోలేదండి. పక్క బోర్డు కొట్టేశానండి."

నిజమేనండి, నావి ఎప్పుడూ అంత బాగా పడవు, అని అప్పుడు ఏంజెల్ నేలకి దిగి ఒప్పుకుంది. ఆఫీసరు గారు ఆ కింది మూల చిల్లుల్ని కాసేపు చూశారు. పక్కవాళ్ళ బోర్డు మీద పడ్డవి లెక్కలోకి రావని, కాకపోతే ఇంకో ఐదు గుళ్ళు ఇప్పించి చూద్దామని అన్నారు. అందరూ చుట్టూ నిలబడ్డారు. కనకం ఒక్కతే పడుకోవాలి. ఇదంతా తప్పించుకోవడానికే కదా తను ఈ ఉద్యోగానికొచ్చిందని ఆమెకు గుర్తొచ్చింది.

పడుకుంది. అంతమంది కళ్ళు వీపు మీద పడేసరికి ఒళ్ళు మళ్ళీ దోనె ఎక్కేసింది. కాళ్ళు దగ్గరికొచ్చాయి. ఊపిరి బిగిసింది. సూది ఊగింది. అరుగేవన్నా ములిగిపోద్దా అన్న తల్లి గొంతు చెవిలో వినబడింది. కాళ్ళు విడదీసింది. మోకాలు ముడిచింది. కళ్ళు మూసి తెరిచింది. సూది మళ్ళీ ఏంజెల్ బోర్డు మీదే ఉంది. ఈసారి అంకె చదివి, చేత్తో లాగకుండా, నడుం జరిపి ఒళ్ళంతా తన బోర్డు వైపు తిప్పుకుంది.

కాగితం తెచ్చాక జాకబ్ దాన్ని ఎండకెత్తి పట్టుకున్నాడు. ఐదు చిల్లుల్లోంచీ వెలుతురు ఒక్క చుక్కలా కనబడింది.

"బాగుందమ్మా," అన్నాడు. ఆ మాటలో ఒక్క "అండి" కూడా లేదు.

ఉద్యోగం ఖాయమైంది. కూడలి డ్యూటీ కూడా ఇచ్చారు. అయితే అక్కడ నిలబడ్డ వాళ్ళని పొద్దస్తమానం జనం దారులు అడుగుతారనీ, నోరు మూసుకుని నిలబడ్డ ఆ పాత అమ్మాయికి ఆ రోజు గొంతు పోయిందనీ తరవాత తెలిసింది. అప్పటికి వెనక్కిపోవడానికి వీల్లేదు. ఆటోవాళ్ళతో గొడవపడీ పడీ ఆమె గొంతు గుట్ట దగ్గర వచ్చిన స్థాయికి నెమ్మదిగా చేరుకుంటోంది.

ఉద్యోగంలో మొదటి సెలవుకి ఇంటికెళ్ళినప్పుడు ముత్యాలమ్మ బుట్టలెత్తడానికి తోడు రమ్మంది. కనకం ఎప్పట్లా దోనె ముక్కు దగ్గరికి పాక్కుంటూ వెళ్ళింది. అంత కష్టపడి నేర్చుకున్న విద్య కదా, ఒళ్ళు దానంతటదే సర్దుకుంది. కాళ్ళు ఎడంగా పారేసింది. మోకాలు ముడిచింది. ఒక పక్కకి హాయిగా వాలి, బరువంతా వదిలేసి, గాలి వదిలింది.

దోనె బోల్తా పడింది.

ముత్యాలమ్మ నీళ్ళలోంచి లేచి, నెత్తి మీద చిక్కుకున్న గుర్రపుడెక్క మొక్క తీసి పారేసి, చేపలన్నీ పోయిన ఖాళీ బుట్టని పైకెత్తి చూసింది.

"ఇది నేలనుకున్నావేంటే, పోలీసమ్మా?"

కనకం నడుంలోతు బురదలో నిలబడి ఒడ్డు వైపు చూసింది. అక్కడ చిన్నరాజు నలుగుర్ని చేర్చుకుని, నీళ్ళ వైపు చెయ్యి చాపి, ఇది కూడా ట్రైనింగేనని గట్టిగా వివరిస్తున్నాడు.